అమ్మబోయే ఇంటికి లోపలి రంగులు: వానలకు ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఇల్లు అమ్మదలచినవారు లోపలి రంగుల పనిని నైరుతి వానలు దిగకముందే, మే నెలాఖరులోగా ముగించుకోవడం మంచిది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ముంచెత్తింది. కనుక దసరాకు రంగులు వేయించి దీపావళికి బేరం తెంపుకుందామనే లెక్క ఇక్కడ అంతగా నమ్మదగినది కాదు. వేసవిలో కుదరనివారు గోడలు ఆరేదాకా, అంటే డిసెంబరు దాకా ఆగాలి.

గోడల రంగు ఇల్లు కొనేవారి కంటికి నచ్చాలి గనుక సొంత ఇష్టాన్ని కొంత పక్కన పెట్టక తప్పదు. ఇరుపక్కలా గోడలు పొరుగిళ్లతో కలిసిపోయి, వీధి నుంచీ పెరటి నుంచీ తప్ప వెలుతురు రాని పొడవాటి పాత ఇళ్లలో అచ్చ తెలుపు నడిమి గదికి వచ్చేసరికి మాసిన బూడిద రంగుగా కనిపిస్తుంది. అక్కడ పసుపు ఛాయ కాస్త తగిలిన మీగడ రంగు నయం. ఎర్ర గచ్చు ఉంటే దాని ఛాయ గోడ అడుగు భాగం మీద పడుతుంది కాబట్టి, షేడ్ కార్డును (రంగుల నమూనా అట్టను) కిటికీ దగ్గర కాక గచ్చు పక్కనే నిలబెట్టి చూడాలి. ఆ తరువాత రెండడుగుల మేర రెండు కోట్లు వేయించి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి దీపం వెలుగులో మరొకసారి పరిశీలించాలి, ఎందుకంటే తెల్లటి ఎల్‌ఈడీ కింద లేత బూడిద రంగు నీలంగా తేలిపోతుంది. సీలింగుకు తెలుపు చాలు. పూజగది వరకు ముదురు పసుపు ఉంచినా ఎవరూ తప్పుపట్టరు.

చెమ్మ పట్టి ఉప్పు పొంగిన గోడను ముదురు రంగుతో కప్పిపెట్టడం అన్నింటికన్నా చెడ్డ పని. పైకప్పు పగులో, గొట్టం కారడమో ముందుగా బాగుచేయించి, పెచ్చులు రాల్చి, పూత ఆరాకే పుట్టీ, ప్రైమరు వేయించాలి. కొత్త సిమెంటు పూతను కనీసం 28 రోజులు వదిలేయాలి. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, మామూలు పరిశీలనకు అందని ముఖ్యమైన లోపం తనకు తెలిసినప్పుడు అమ్మకందారు దాన్ని కొనేవారికి చెప్పి తీరాలి.

తలుపులు, కిటికీల మీది పాత ఎనామిల్‌ను పొడిగా గీకించకూడదు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన పూతల్లో అది ఎక్కువగానే ఉండవచ్చు. నీటితో తడిపి రుద్దించి, ఆ సమయంలో పిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచకుండా, రాలిన ముద్దను ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తించాలి.