పచ్చ బూజుకు పేరు పెట్టే ముందు

ఆమదాలవలస దగ్గర మా పెరట్లో తాటాకు షెడ్డు వేసి ముత్యపు చిప్ప (ప్లూరోటస్) పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టిన రెండో వర్షాకాలంలో నలభై సంచుల్లో పదకొండు పచ్చబడ్డాయి. వరిగడ్డి మీద ముందు సున్నం చల్లినట్టు తెల్ల మచ్చ, రెండు రోజులకు దాని నడుమ పచ్చదనం. విత్తనం అమ్మినాయన ఫోనులోనే "ట్రైకోడెర్మా అమ్మా, పారబోసేయండి" అన్నాడు. ట్రైకోడెర్మా అంటే ఇతర శిలీంధ్రాలను తినే పచ్చ బూజు. పారబోశాను. బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివి కూడా కంటితో చూడకుండా ఎలా నమ్మానా అని ఆ తర్వాత సిగ్గేసింది. పాత మైక్రోస్కోపు ఒకటి కొన్నాను. శిలీంధ్రాల మీద బతికే శిలీంధ్రాలను విడదీసి చూడటం అప్పటి నుంచి అలవాటైంది. నేను చేసే పద్ధతి చెబుతాను.

పేరు కోసం తొందరపడకండి. ముందు తేల్చాల్సినవి వేరే ఉన్నాయి: ఆతిథేయి (బూజు ఎవరి మీద బతుకుతోందో అది) ఎవరు, ఈ బూజు చేరేనాటికి అది బతికి ఉందా, దీని తిండి తీరు ఏమిటి. ఎందుకంటే ఈ పరాన్నజీవులన్నీ ఒక కుటుంబం కావు. దొంగలందరిదీ ఒకే ఇంటిపేరా? ట్రైకోడెర్మా, ఆంపెలోమైసిస్ శిలీంధ్రాల్లో ఆస్కోమైకోటా అనే పెద్ద విభాగానికి చెందినవి. రసులా పుట్టగొడుగు నెత్తిన బుల్లి పుట్టగొడుగై మొలిచే ఆస్టెరోఫోరా బెసిడియోమైకోటా విభాగానిది. పిప్టోసెఫాలిస్‌ది 2016లో జైగోమైకోటాను విడగొట్టినప్పుడు ఏర్పడ్డ జూపాగోమైకోటా. అందుకే బతుకుతీరుకు ఒక కాలమ్, వంశానికి ఒక కాలమ్ గీసుకోండి. రెండూ కలిపేస్తే ఇక తేలదు.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. ఒక శిలీంధ్రం మీద ఇంకొకటి కనిపించినంత మాత్రాన అది పరాన్నజీవి అయిపోదు. కుళ్లిన పుట్టగొడుగు మీద ఏ బూజైనా లేస్తుంది, అది శవం మీద ఈగ లాంటిది. తొలకరికి చెదపుట్టల మీద వచ్చే పుట్టగొడుగులు తెలుసు కదా. చెదలు విడిచిపెట్టిన పుట్ట లోపలి గూడును తడి డబ్బాలో ఉంచితే నల్లని పుల్లల్లా జైలేరియా జాతి ఒకటి లేస్తుంది. అది చెదలు గూట్లో పెంచుకునే ఆ పుట్టగొడుగు పంటను తినేసిందని పుస్తకంలో ఠీవిగా రాసుకున్నాను. అది పొంచి ఉండి, చెదలు పోగానే గూడును ఆక్రమించుకునే పోటీదారు అని తర్వాత తెలిసింది. ఆ పేజీ కొట్టేశాను.

ఇక పచ్చ మచ్చ. సంచిని షెడ్డులో విప్పకండి, సిద్ధబీజాలు (బూజు పొడిలోని బీజాలు) పక్క సంచులన్నిటికీ పాకుతాయి. బయటకు తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సెల్లోటేపు ముక్కను మచ్చ అంచున మెల్లగా తాకించండి. మధ్యలో తాకిస్తే పచ్చ పొడి తప్ప ఏమీ కనబడదు. స్లైడు మీద లాక్టోఫీనాల్ కాటన్ బ్లూ అనే నీలిరంగు ద్రావణం చుక్క వేసి దాని మీద టేపు అంటించండి. చెట్టులా కొమ్మలు వేసి, కొమ్మల చివర సన్న మెడ సీసాల్లాంటి కణాలుండి, వాటి కొసల్లో బీజాలు ఉండలు కట్టి ఉంటే ట్రైకోడెర్మా. చీపురుకట్టలా ఉండి బీజాలు గొలుసులుగా వేలాడితే పెనిసిలియం. ఉబ్బిన తల చుట్టూ బీజాలు గుమిగూడితే ఆస్పర్జిల్లస్. చివరి రెండూ గడ్డిలోని తిండి కోసం వచ్చే కలుపు బూజులు. ఆ పదకొండు సంచుల్లో ఒకదాని అడుగు పెరటి మూల మిగిలిపోతే తర్వాత చూశాను. అందులో ఉన్నది పెనిసిలియమే! మిగతా పదింటిలో ఏముందో ఇక తేలేది కాదు.

ట్రైకోడెర్మా అని తేలినా దాడిని కళ్లతో చూడాలి. దానికి వంటింట్లోనే పళ్లెం సిద్ధం చేయవచ్చు. లీటరు నీటికి 200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించి వార్చిన నీళ్లు, 20 గ్రాముల గ్లూకోజు, గట్టిపడేంత చైనా గ్రాస్ కలిపి కుక్కర్లో 20 నిమిషాలు ఉంచండి. పళ్లెంలో ఒక అంచున పుట్టగొడుగు తెల్ల బూజు ముక్క పెట్టండి. వారం తర్వాత ఎదుటి అంచున పచ్చ బూజు పెట్టండి. ఒకేసారి పెడితే ట్రైకోడెర్మా మూడు రోజుల్లో పళ్లెమంతా పాకి, పోరాటం చూసే అవకాశమే ఇవ్వదు. రెండూ కలిసే గీత దగ్గర చిన్న ముక్క కోసి చూడండి. ట్రైకోడెర్మా సన్నని పోగు పుట్టగొడుగు లావు పోగు చుట్టూ మల్లెతీగ పందిరి గుంజను చుట్టినట్టు చుట్టుకుని, చుట్టిన చోట లావు పోగు వాడిపోయి కనిపిస్తే చాలు. శిలీంధ్ర కణాల కైటిన్ గోడను కరిగించే ఎంజైములు వదిలి, చంపి తినే రకం అని రాసుకోవచ్చు. మీదికి పాకినంత మాత్రాన లెక్కలోకి రాదు. నాకు ఆ చుట్టు నాలుగో పళ్లెంలో గాని దొరకలేదు.

ఈ చుట్టుకునే గుణాన్ని వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త 1932లో రైజోక్టోనియా అనే తెగులు శిలీంధ్రం మీద చూపించాడు. ఆ గుణం కోసమే మా రైతులు 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడిని 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి పొలంలో చల్లుతారు. మా మరిది ఆ కుప్పను నా షెడ్డు గోడకే ఆనించి మాగబెట్టాడు. సంచులు పచ్చబడటానికి అదే కారణమని రుజువు చేయలేను గానీ, కుప్పను పొలం గట్టుకు తరలించేదాకా ఊరుకోలేదు.

వెంటనే చంపకుండా తినే రకాలు చూడాలంటే మినప చేను చాలు. వరి కోశాక వేసిన మినుముకు బూడిద తెగులు పట్టినప్పుడు తెల్లటి ఆకులు వదిలేసి, తెలుపు మాసి గోధుమరంగుకు తిరిగిన చోట టేపు అంటించండి. బూడిద శిలీంధ్రపు పోగుల లోపలే తేనెరంగు బుడ్డీలు ఉబ్బి కనిపిస్తాయి. అది ఆంపెలోమైసిస్. నీటిచుక్కలో కాసేపు ఉంచితే బుడ్డీ కొసనుంచి బీజాలు సేమియాలా బయటికి వస్తాయి. నేను మొదటిసారి చూసినప్పుడు స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. బూడిద తెగులుకు సొంతంగా కూడా గుండ్రని కాయలుంటాయి, కానీ అవి ఇంకా పెద్దవి, ముదురు నలుపు, చుట్టూ వెంట్రుకల్లాంటివి ఉంటాయి. ఆంపెలోమైసిస్ బూడిద శిలీంధ్రపు పోగులకే చెందిన భాగం కాదని, పరాన్నజీవి అని 1870లో డి బారీ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. ఆతిథేయి లోపల చాలాకాలం చంపకుండానే ఉండి, చివరకు దాన్ని చంపుతుంది. కాబట్టి బతుకుతీరు కాలమ్‌లో చంపేవి, చంపనివి అనే రెండు గళ్ల మధ్య గీత మీద రాస్తాను.

పూర్తిగా బతకనిచ్చి పీల్చేవి పేడలో దొరుకుతాయి. మేక పెంటికలు నాలుగు, తడి బ్లాటింగ్ పేపరు మీద, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. వంటింట్లో వద్దు, మా అత్తగారు నా మొదటి డబ్బాను కాలువలో విసిరేశారు. కొన్నాళ్లకు మ్యూకర్ అనే బూజు వెంట్రుకలు లేస్తాయి, ఆ తర్వాత వాటి మీద రెండేసి కొమ్మలుగా చీలుతూ పిప్టోసెఫాలిస్ రావచ్చు. ఇది మ్యూకర్ పోగులోకి హాస్టోరియాలనే సన్నని పీల్చే పోగులు దింపుతుంది, ఆతిథేయి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పారాసైటెల్లా అయితే ఆతిథేయి పోగుతో కలిసిపోయి రెండింటి కణద్రవ్యాన్నీ ఒకటి చేస్తుంది. నీటి శిలీంధ్రం లోపల దూరి బతికే రోజెల్లా ఇంకో దారి, దాన్ని నేను చూడలేదు.

వంశం కాలమ్‌లో ప్రజాతి దగ్గర, అంటే "ట్రైకోడెర్మా" లాంటి మొదటి పేరు దగ్గర ఆగిపోండి. సీసా కణాలు చూసి "విరిడి" అని రాయడం ధైర్యం కాదు, మొండితనం. ముత్యపు చిప్పలను పీడించే ట్రైకోడెర్మా ప్లూరోటి, ప్లూరోటికోలా లాంటి వాటిని విడదీయడానికి డీఎన్‌ఏ కావాలి, అందులోనూ శిలీంధ్రాల గుర్తింపుకు అందరూ వాడే ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగం ఒక్కటే సరిపోదు. పాత పుస్తకాల్లో ట్రైకోడెర్మా లైంగిక దశకు హైపోక్రియా అని వేరే పేరు కనబడితే కంగారుపడకండి. ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అని 2011లో మెల్బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో తీర్మానించారు.

నా పుస్తకంలో నిన్నటి నమోదు: "షెడ్డు, సంచి 23, 11వ రోజు. ట్రైకోడెర్మా జాతి. ఆతిథేయి: ప్లూరోటస్, బతికే ఉంది. చుట్టు: కనబడలేదు. తీరు: ఖాళీ."