ఉప్పు వేయకముందే పిట్టల వాటా తీయండి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలు అంటారు గాని, నల్లగొండలో చలి అటు వెళ్లగానే ఎండ వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఉగాది నాటికి మిద్దె కాలడం మొదలవుతుంది. మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు మాట. ఈ మూడు నెలలు ఇంట్లోని మనుషులు ఎట్లా గడపాలి, ఆ ఇంటి చుట్టూ తిరిగే పిచ్చుక, గువ్వ, పికిలిపిట్ట, ఉడుత ఎట్లా గడపాలి అనే రెండు ప్రశ్నలకూ జవాబు చాలా వరకు ఒక్కటే: నీడ, తడి, కడుపులో చల్లగా ఉండే తిండి. కనుక మన కోసం ఎట్లాగూ చేసుకునే పనుల్లోనే వాటి పనిని కూడా కలుపుకుంటే వేరే ఖర్చూ ఉండదు, వేరే శ్రమా ఉండదు. మా పెరట్లో కొన్నేళ్లుగా చేస్తూ, కొన్ని తప్పులు చేసి దిద్దుకుంటూ వచ్చిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

మొదట నీళ్లు. పిట్టల నీళ్లకు కుమ్మరి చేసిన మట్టి కంచుడును మించినది లేదు. స్టీలు గిన్నె, ప్లాస్టిక్ డబ్బా ఎండలో గంటసేపట్లో కాలిపోతాయి, వాటిలోని నీళ్లు కాళ్లు కడుక్కోవడానికి కూడా పనికిరావు. మట్టి పాత్ర గోడల గుండా నీరు కొద్దికొద్దిగా ఊరి బయటి గాలికి ఆవిరవుతూ ఉంటుంది, ఆ ఆవిరి తనతో పాటు వేడిని తీసుకుపోతుంది, అందుకే లోపలి నీళ్లు చల్లబడతాయి. మన ప్రాంతపు ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కనుక ఈ పని ఇక్కడ బాగా జరుగుతుంది. అదే కుండ ముసురు పట్టిన రోజుల్లో పెద్దగా చల్లబరచదు. కంచుడు వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. నీళ్లు రెండు అంగుళాలకు మించనక్కరలేదు, ఎందుకంటే పిట్టలు తాగడంతో సరిపెట్టుకోవు, అందులో దిగి రెక్కలు కొట్టుకుని స్నానం చేస్తాయి, కాళ్లు అందని నీళ్లలోకి అవి దిగవు. మధ్యలో గరుకైన రాయి ఒకటి పెడితే పిచ్చుక ముందు దాని మీద వాలి, చుట్టూ చూసుకుని, అప్పుడు మూతి ముంచుతుంది.

ఆ రాయి విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. మొక్కలకు నీళ్లు పోయడానికి బావి గట్టు దగ్గర ఒక పెద్ద గోలెం ఉండేది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం దానిలో ఉడుత పిల్ల పడి, నున్నటి గోడల మీద గోళ్లు ఆనక పైకి రాలేక చనిపోయింది. నీళ్లు సగానికి పైగా ఖాళీ అయి ఉండడమే దానికి యముడైంది. అప్పటి నుంచి మా ఇంట్లో తొట్టి అయినా, గోలెం అయినా, బకెట్టు అయినా మూత లేకుండా ఉండదు. మూత పెట్టలేని దానిలో కింది నుంచి అంచు దాకా వచ్చేట్టు గరుకు కట్టె ఒకటి ఏటవాలుగా వేసి ఉంచుతాము. ఈ ఒక్క పని ఈ రోజే చేయండి, మిగతావి తర్వాత చదవవచ్చు.

కంచుడును నేల మీద పెట్టకూడదు, పిల్లి కాచుకుని ఉంటుంది. ఛాతీ ఎత్తున గోడ మీద గాని, చెట్టుకు ఉట్టి కట్టి గాని, పొద్దంతా నీడ పడే చోట పెట్టాలి. పక్కనే గుబురు పొద ఉంటే పిల్లి అందులో నక్కుతుంది, అసలు చెట్టే లేకపోతే పిట్టకు పారిపోయే దారి ఉండదు. కనుక పొదకు ఆరేడు అడుగుల దూరంలో, పైన ఒక కొమ్మ అందేట్టు ఉండే స్థలం చూసుకోండి. నీళ్లు ప్రతి ఉదయం పారబోసి కొత్తవి పోయాలి. దోమ గుడ్డు పెట్టినప్పటి నుంచి రెక్కలు వచ్చి ఎగరడానికి మన వేడిలో వారం, పది రోజులు పడుతుంది కనుక రోజూ మార్చే నీళ్లలో దోమలు పుట్టే భయం లేదు. మన బోరు నీళ్లు గట్టి నీళ్లు, నాలుగు రోజుల్లో కంచుడు అంచున తెల్లటి చార కడుతుంది. దానికి సబ్బు వద్దు, మట్టి సబ్బును పీల్చుకుంటుంది. పచ్చిపులుసు పిసికిన తర్వాత మిగిలే చింతపండు పిప్పితో, కొబ్బరి పీచుతో రుద్దితే చార పోతుంది.

ఇంటివాళ్లు తాగే నీళ్ల కుండకు, అంటే రంజన్‌కు కూడా ఇదే లెక్క. దానిని వంటింట్లో మూలకు పెట్టకుండా, గాలి ఆడే వరండాలో, ఇసుక పోసిన మడి మీద నిలబెట్టి, చుట్టూ తడి గోనెపట్టా కట్టండి. నీళ్లు చల్లగా ఉంటాయి, ఊరిన నీరు ఇసుకలోకి దిగుతుంది, ఆ చల్లదనానికి ఒకటి రెండు వారాల్లో ఒక కప్ప వచ్చి రంజన్ కింద కాపురం పెడుతుంది. మా రంజన్ కింది కప్పను మా ఇంటికి వచ్చిన పిల్లలు మొదట చూసి అరిచారు, తర్వాత దానికి పేరు పెట్టారు. దానిని తరమకండి. రాత్రి బయటికి వచ్చి అది తినే పురుగులు మీరు మందు కొట్టినా చావనివి.

ఇక తిండి. ఎండాకాలంలో మా ఇంట్లో పొద్దున పలారం కంటే అంబలికే మర్యాద ఎక్కువ. జొన్న రవ్వ ఒక గ్లాసును రాత్రి రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టి మూత వేస్తాము. తెల్లారేసరికి అది కొద్దిగా పులిసి ఉంటుంది. నాలుగు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, నానిన రవ్వను ఆ నీళ్లతో సహా పోసి, అడుగంటకుండా కలుపుతూ సన్నటి మంట మీద ఉడికించాలి. రవ్వ మెత్తబడి, గరిటె ఎత్తితే తీగలా కాకుండా ముద్దముద్దగా జారేటప్పుడు దించాలి. సరిగ్గా ఇక్కడే మా అమ్మ మాట ఒకటి ఉంది: "ముందుగాల పిట్టలకు తియ్ బిడ్డా, ఉప్పు తర్వాతెయ్యి." రెండు గరిటెలు ఆకులో తీసి చల్లార్చిన తర్వాతే మన అంబలికి ఉప్పు, మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి చేరతాయి. ఆమె దీనిని ధర్మంగా చెప్పేది గాని, దీనిలో ఆరోగ్యపు లెక్క కూడా ఉంది: పిచ్చుకంత శరీరం మన నాలుకకు రుచించే ఉప్పును తట్టుకోలేదు. ఈ కారణంగానే సకినాల ముక్కలు, సర్వపిండి అంచులు, కారప్పూస, పచ్చడి కలిసిన అన్నం వాటికి పెట్టకూడదు. ప్రేమ కొద్దీ పెడుతున్నామనుకుంటాము, కాని అది ప్రేమ కాదు, మన కంచం ఖాళీ చేసుకోవడం.

వండినది కంటే గింజలే మేలు. జొన్నలు, సజ్జలు, కొర్రలు చాటలో చెరిగినప్పుడు మిగిలే నలుగులు, బియ్యపు నూకలు చాలు, కొనవలసిన పని లేదు. మిర్యాలగూడ వైపు వాళ్లకైతే మిల్లుల నూకలకు కొదవే లేదు. సజ్జలు, కొర్రలు చిన్న ముక్కులకు సరిపోతాయి కనుక పిచ్చుకలు వాటిని ముందు ఏరుకుంటాయి, గువ్వలు జొన్నలను మింగుతాయి, గోరింకలు వండిన అంబలి ముద్దకు వస్తాయి. పికిలిపిట్టకు గింజ పట్టదు, దానికి మెత్తబడిన జామపండు సగం కోసి కొమ్మకు గుచ్చాలి. పెట్టేది ఒక గుప్పెడు మించకూడదు, పొద్దున ఏడులోపు ఒకసారి, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఒకసారి. చీకటి పడేసరికి ఒక్క గింజ కూడా నేల మీద మిగలకూడదు. వండిన ముద్ద మిగిలితే రెండు గంటల్లోపే ఎత్తేయండి, ఈ ఎండకు పాడవుతుంది.

గింజ మిగలకూడదని గట్టిగా చెప్పడానికి కారణం పాము. రాలిన నూకల కోసం రాత్రి ఎలుక వస్తుంది, ఎలుక వెంట పాము వస్తుంది, ఇది మన ఊళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పవలసిన విషయం కాదు. వచ్చినది జెర్రిపోతు అయితే దానికి విషం లేదు, ఎలుకలను తిని తన దారిన పోతుంది. కాని నాగుపామును, కట్లపామును, రక్తపింజరిని టార్చి వెలుగులో గుర్తుపట్టగల ధైర్యం నాకు లేదు, మీకూ అవసరం లేదు. కట్టెల మోపును, పాత ఇటుకల కుప్పను ఇంటి గోడకు దూరంగా ఉంచండి, రాత్రి పెరట్లోకి వెళ్తే చెప్పులు వేసుకుని లైటు పట్టుకుని వెళ్లండి. కాటు పడితే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం అన్నీ కాలం వృథా చేసేవే. కాటు పడిన కాలును కదలనివ్వకుండా 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చడం ఒక్కటే పని.

ఒకప్పుడు గూన పెంకుల ఇళ్లలో వాసాల సందున పిచ్చుక గూడు లేని ఇల్లు ఉండేది కాదు. స్లాబు ఇంట్లో సందు ఏది? అందుకే గూటిని మనమే కట్టివ్వాలి. చిన్న మట్టి గురిగి తీసుకుని, దాని పక్కన రెండు వేళ్లు పట్టేంత, అంటే అంగుళంన్నర లోపు రంధ్రం చేయించండి. అంతకంటే పెద్దదైతే గోరింక దూరి పిచ్చుకను వెళ్లగొడుతుంది. అడుగున నీరు కారడానికి సన్న బెజ్జం ఉండాలి, మూతిని పెంకుతో మూసి కట్టాలి. తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి, ఎనిమిది పది అడుగుల ఎత్తున సజ్జా కింద వేలాడదీయండి. పడమర ఎండ పడే గూట్లో పిల్లలు ఉడికిపోతాయి. పక్కనే, కోతల నాడు తెచ్చి అల్లుకున్న వరి కంకుల కుచ్చు చూరుకు కట్టే పాత అలవాటును కూడా మళ్లీ మొదలుపెట్టవచ్చు. గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పడతాయి, ఆ నెల రోజులు గురిగిని కదపకూడదు. పిచ్చుకలు గదిలోకి వచ్చే ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే కిటికీకి జాలీ తప్పనిసరి. అద్దంలో తన నీడను చూసి శత్రువనుకుని ముక్కుతో పొడిచే పిచ్చుక ఉంటే అద్దానికి గుడ్డ కప్పితే సరిపోతుంది. పిల్ల కింద పడితే, రెక్కలు రానిదాన్ని చేత్తో తీసి గూట్లో పెట్టండి, మనిషి చేయి తగిలితే తల్లి రాదన్నది నిజం కాదు. రెక్కలు వచ్చిన పిల్ల నేల మీద గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, పిల్లిని కట్టేసి దానిని దాని మానాన వదలండి.

మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి వంటి చెట్టు మన పెరట్లో పట్టదు కనుక, పట్టేవాటితో సరిపెట్టుకోవాలి. ఒక వేప, ఒక జామ, ఒక సీతాఫలం, ఒక మందారం, ఒక గోరింటాకు పొద, ఒక కరివేపాకు. మందారం తేనెపిట్టకు, గోరింటాకు గుబురు పికిలిపిట్ట గూటికి, వేప పళ్లు కోకిలకు, గోరింకకు. స్థలం ఉంటే గేటు బయట తంగేడు వేయండి, బతుకమ్మకు పూలు దొరుకుతాయి, లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టడానికి దాని ఆకులనే వెతుక్కుంటాయి. కరివేపాకు సంగతి మాత్రం కొంచెం నిలబడి చూడవలసినది. ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు గోధుమ, తెలుపు మచ్చలతో ఏదో కనిపిస్తుంది. వేలితో తుడవబోతే కదులుతుంది. అది సీతాకోకచిలుక పురుగు, పిట్టల కళ్లు గప్పడానికి వేసుకున్న వేషం. కొన్నాళ్లకు అది ఆకుపచ్చగా మారి చిటికెన వేలంత అవుతుంది, పుల్లతో తాకితే తల వెనుక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు చాచి ఘాటైన వాసన విడుస్తుంది. చివరికి నల్లని రెక్కల మీద తెల్లని మచ్చల వరుసతో ఎగిరిపోతుంది. అది నాలుగు రెమ్మలు తింటే చెట్టు చావదు, మందు కొడితే ఆ ఆకే మన పోపులోకి వస్తుంది.

చెట్టు నీడ పడమర గోడ మీద పడేట్టు చూసుకుంటే గది కూడా చల్లబడుతుంది. మిద్దె పైన సున్నానికి కొద్దిగా జిగురు కలిపి, ఎండ తగ్గిన తర్వాత రెండు పూతలు వేయించండి. తెల్లటి పైకప్పు ఎండను తిప్పికొడుతుందన్న ఈ పాత తెలివినే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానంగా ప్రకటించింది. సున్నం తడి ఆరేదాకా మిద్దె మీది కంచుడును కిందికి దించడం మరవకండి.

పాలపిట్ట కోసం ఏమి పెట్టాలని అడిగేవారు ఉన్నారు. అది గింజలు ముట్టదు, తీగ మీద కూర్చుని మిడతలను పట్టుకుంటుంది; మందు కొట్టని చేను పక్కన మీ ఇల్లు ఉంటే దసరా నాడే కాదు, ఎప్పుడైనా కనిపిస్తుంది. పండుగ రోజు పంజరంలో పెట్టి చూపించేవారికి మాత్రం డబ్బులు ఇవ్వకండి. చిలుకను పంజరంలో పెంచడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే.

మృగశిర కార్తె వచ్చి తొలి వాన పడ్డాక గింజలు తగ్గించండి, తడిసిన నూకలకు బూజు పడుతుంది, ఆ బూజు పిట్టలకు విషం. పైగా పిల్లలకు పురుగులు పెట్టే కాలం కాబట్టి పిచ్చుకలు గింజల మీద ఆధారపడవు. ఆ వాన పడిన మరునాటి సాయంత్రం నేలలోంచి ఉసిళ్లు లేస్తాయి. వెలుగు ఉన్నంతసేపు వాటిని గోరింకలు, పిచ్చుకలు గాలిలోనే పట్టుకుంటాయి. చీకటి పడ్డాక ఇంట్లో లైట్లన్నీ ఆర్పి వరండాలో ఒక్క బల్బు వెలిగించి ఉంచితే ఉసిళ్లు గదుల్లోకి రాకుండా అక్కడే మూగుతాయి, గోడ మీద బల్లులు వరుస కడతాయి, రంజన్ కింది కప్ప మెల్లగా నాలుగు అడుగులు బయటికి వేసి బల్బు కింద కూర్చుంటుంది.