అరవై దాటాక మేడ మీద నక్షత్రాలు చూడటం ఎలా?

రిటైరయ్యాక ఆకాశం చూడటం నేర్చుకోవాలని ఉందని చెప్పేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. చాలామంది ఇళ్లలో అప్పటికే ఒక టెలిస్కోపు ఉంటుంది. అమెరికా నుంచి పిల్లలు పంపిందో, ఆన్‌లైన్లో ‘525 రెట్లు పెద్దగా’ అని చదివి కొన్నదో. మొదటి రోజు మేడ మీదికి మోసుకెళ్తారు. సన్నటి స్టాండు గాలికే ఊగుతుంది. చంద్రుడు గొట్టంలోకి వచ్చేలోపు మెడ పట్టేస్తుంది. వారం తిరిగేసరికి అది అటకెక్కుతుంది, ‘మన వయసులో ఇవన్నీ కుదరవండీ’ అనేస్తారు. కుదురుతాయి. నేను యాభై తొమ్మిదో ఏట మొదలుపెట్టాను, పన్నెండేళ్లుగా చూస్తున్నాను. వాళ్లు పట్టుకున్న వరసే తప్పు.

ముందు కుర్చీ

చేతులున్న పడక కుర్చీ ఒకటి మేడ మీద వేయించండి. లేదంటే మడత మంచం, తల కింద రెండు దిళ్లు. నిలబడి ఆకాశం చూడకూడదు. మెడ వెనక్కి వాల్చి పది నిమిషాలు నిలబడితే ఈ వయసులో కళ్లు తిరుగుతాయి, పిట్టగోడ పొట్టిగా ఉన్న మేడల మీద అది ప్రమాదం. మంకీ క్యాప్, శాలువా, దోమల క్రీము, మంచినీళ్లు. కుర్చీ సంగతి వాటితో అయిపోయింది.

టెలిస్కోపు కాదు, బైనాక్యులర్స్

8×40 కొనండి. ఎనిమిది అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, నలభై అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. పదివేల లోపు మంచిదే దొరుకుతుంది. షాపులో 10×50 చూపిస్తారు, అది బరువు, చేయి వణికితే చుక్కలన్నీ గీతల్లా కనిపిస్తాయి. ‘రాత్రికి 7×50 అసలైనది’ అని ఇంకొకరు చెబుతారు. అది కుర్రవాళ్ల మాట. రెండో అంకెని మొదటి అంకెతో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు కిరణం ఎంత వెడల్పో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. 7×50కి అది ఏడు. ఇరవై ఏళ్ల వయసులో చీకట్లో కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. అరవై దాటాక చాలామందిలో ఐదు దగ్గరే ఆగుతుంది. మిగతా వెలుగంతా పాప చుట్టూ పడి వృథా. 8×40కి లెక్క సరిగ్గా ఐదు.

అద్దాలున్నవాళ్లు సిలిండర్ పవర్ ఉంటేనే అవి పెట్టుకుని చూడండి. మామూలు దూరపు పవరైతే అద్దాలు తీసేసి ఫోకస్ చక్రం తిప్పుకుంటే చాలు. ముందు కుడి వైపు మూసి ఎడమ కంటికి మధ్య చక్రంతో సరిచేసుకోవాలి. తర్వాత ఎడమ వైపు మూసి కుడి కంటికి పక్కనున్న చిన్న చక్రం. మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనాలి.

ఇంకొక్క మాట. పగలు వీటితో సూర్యుడి వైపు ఒక్క క్షణం కూడా చూడొద్దు, మనవలకి అందేచోట పెట్టొద్దు. చూపు పోతుంది.

ఏ రోజు?

గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంది కదా, అదే చూడండి. చుక్కల కోసమైతే బహుళ పంచమి నుంచి శుద్ధ తదియ దాకా. బహుళ పంచమికి చంద్రుడు రాత్రి పదింటి ప్రాంతంలో గానీ రాడు, తర్వాత రోజుకి సుమారు యాభై నిమిషాల చొప్పున ఇంకా ఆలస్యం. చంద్రుణ్నే చూడాలంటే శుద్ధ సప్తమి నుంచి దశమి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల నీడలు పొడుగ్గా పడి లోతు తెలుస్తుంది. పౌర్ణమి నాడు చంద్రుడు గచ్చు పూసినట్టు చదునుగా ఉంటాడు, పైగా ఆ వెన్నెల్లో చుక్కలూ పోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు. కార్తీకంలో మొదలుపెట్టడమే సరైన పద్ధతి.

అసలు కష్టమైన పని: కంటికి చీకటి పట్టించడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. లైటు కట్టేసి పైకి చూసి, ఐదు నిమిషాల్లో ‘మా ఊళ్లో చుక్కలే లేవండీ, పొల్యూషన్’ అంటారు. చుక్కలు ఉన్నాయి. కళ్లే ఇంకా తయారు కాలేదు.

చీకట్లో చూపునిచ్చేవి రెటీనాలోని దండకణాలు. వాటిలో ఒక రంగు పదార్థం ఉంటుంది, రొడాప్సిన్ అంటారు. వెలుగు తగిలితే అది విరిగిపోతుంది, చీకట్లో మెల్లగా మళ్లీ తయారవుతుంది. కుర్రవాళ్లకి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. మనకి ఇంకా ఎక్కువ, నా లెక్కలో నలభై. ఈ నలభై నిమిషాలకి దగ్గర దారి లేదు. టీవీ చూసి లేచి వచ్చినా, వీధిలో ఎల్‌ఈడీ లైటు కేసి తిరిగి కూర్చున్నా లెక్క మొదటికొస్తుంది. వీధి లైటు తప్పకపోతే నీళ్ల ట్యాంకు నీడలో కుర్చీ వేసుకోండి, లేదా రెండు కర్రలు కట్టి పాత దుప్పటి అడ్డం ఆరేయండి. మెట్ల దగ్గర బల్బు కట్టేసి, కింద ఇంట్లోవాళ్లకి ‘నేను పిలిస్తేనే వేయండి’ అని చెప్పి రండి. నేను మా ఆవిడకి పైకెక్కే ముందే చెబుతాను.

ఫోను కింద ఇంట్లో వదిలేయండి. జేబులో పెట్టుకుని ‘తియ్యనులెండి’ అంటే కుదరదు. మొన్న మార్గశిరంలో మా బావగారు వచ్చారు. ఓపిగ్గా కూర్చున్నారు. కృత్తికలు, అదే ఒకచోట ముద్దగా ఉండే చిన్న చుక్కల గుంపు, మొదట ఆయనకి మసక ముద్దలా కనిపించాయి. పావుగంటకి నాలుగు చుక్కలన్నారు. నలభై నిమిషాలకి ‘ఆరు, ఆరున్నాయి’ అని వేలితో గాల్లో చూపిస్తూ లెక్కపెట్టారు. అంతలో జేబులో ఫోను మోగింది. ఎవరో చూసి పెట్టేశారు, నాలుగు సెకన్లు. మళ్లీ తలెత్తితే మసక ముద్ద. ఆ రాత్రి ఆరూ మళ్లీ దొరకలేదు, చలికి ఆయన దిగిపోయారు. అందుకే మా మేడ మీదికి ఫోను రానివ్వను. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు మాత్రం భద్రత కోసం తెచ్చుకోండి, బోర్లించి కుర్చీ కింద పెట్టండి.

టార్చి కావాలి, మెట్లున్నాయి కాబట్టి. దాని ముఖానికి ఎర్ర జిలేటిన్ కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు పెట్టండి. దండకణాలకి ముదురు ఎరుపు దాదాపు తెలియదు, అందుకని చూపు చెదరదు.

కృత్తికలే మంచి కొలత. మా అమ్మమ్మ వాటిని పిల్లలకోడి అనేది. ఆరు లెక్కపెట్టగలిగితే మీ కళ్లు సిద్ధం. నాలుగు దగ్గరే ఆగితే ఇంకాసేపు కూర్చోండి. ఎంతసేపున్నా ముద్దలాగే ఉంటే ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకోండి. నాకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయి, ఎడమ కంటికి ఇంకా కాని రోజుల్లో, ఒక్కో కన్ను మూసుకుని మృగవ్యాధుణ్ని, అదే సిరియస్‌ని చూశాను. కుడి కంటికి నీలం కలిసిన తెలుపు, సూదిమొనలా ఉంది. ఎడమ కంటికి పాత పుస్తకం కాగితం రంగు, చుట్టూ వెంట్రుకలు. ఎన్నేళ్ల నుంచి ఆకాశాన్ని పసుప్పచ్చగా చూస్తున్నానో ఆ రాత్రి తెలిసింది.

సన్నటి వెలుగుని చూసేటప్పుడు దాని మీదే చూపు నిలపకండి, కొంచెం పక్కకి చూడండి. దండకణాలు కంటి నడిమధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అలవాటు కావడానికి వారం పడుతుంది.

చుక్కల పేర్లు క్యాలెండర్‌తోనే నేర్చుకోవాలి

ఫోను యాప్ గాల్లో తిప్పి పేరు చదివితే ఆ పేరు తెల్లారేసరికి పోతుంది. మా పద్ధతి వేరు. ఈ రాత్రి ఏ నక్షత్రమో, అంటే చంద్రుడు ఏ నక్షత్రం భాగంలో ఉన్నాడో, క్యాలెండర్లో ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి నడుస్తున్నది రోహిణి అయితే, చంద్రుడి దగ్గర్లో ఎర్రగా ఉన్న చుక్కే రోహిణి. ఇలాగే కృత్తికలు, మఖ, చిత్త, జ్యేష్ఠ దొరుకుతాయి. చంద్రుడు వాటి పక్క నుంచే వెళ్తాడు. ఆ రాత్రి చోటు గుర్తుపెట్టుకుని, చంద్రుడు లేని రాత్రి మళ్లీ వెతకండి. స్వాతి, శ్రవణం మాత్రం ఇలా దొరకవు. అవి చంద్రుడి దారికి ఉత్తరంగా చాలా దూరం, ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు.

మనకి ఇది కొత్త కూడా కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే డాబాగార్డెన్స్‌లో తన ఇంటి ఆవరణలో వేధశాల పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం విశాఖ నుంచే గమనించారు.

మొదట ఏం చూడాలి?

జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో ఓరియన్, వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపు. వరసగా మూడు చుక్కలు నడుము. దాని కింద వేలాడే చిన్న చుక్కల్లో మధ్యదాని మీద బైనాక్యులర్స్ పెట్టి, చూపు కాస్త పక్కకి తిప్పండి. బూడిద రంగు పొగ కనిపిస్తుంది. చుక్కలు పుట్టే చోటు అది. మీ కంట్లో పడిన ఆ వెలుగు అక్కడ బయల్దేరింది సుమారు 1300 ఏళ్ల కిందట, వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజుల్లో.

ఫిబ్రవరి నడిమికి తొమ్మిదింటప్పుడు దక్షిణాన మృగవ్యాధుడి కింద, నేల నుంచి రెండు పిడికిళ్ల ఎత్తున అగస్త్యుడు. లండన్‌లో ఉండే మీ పిల్లలకి అది ఎప్పటికీ కనిపించదు, ఫోన్లో చెప్పండి. ధ్రువ నక్షత్రం మన దగ్గర చాలా కిందికి ఉంటుంది. చేయి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే హైదరాబాద్‌లో రెండు పిడికిళ్ల కన్నా కాస్త తక్కువ. పక్కింటి కొబ్బరిచెట్టు అడ్డం వస్తే మేడ ఇంకో మూలకి జరగండి. అరుంధతిని మే నెల రాత్రి తొమ్మిదింటికి చూడండి, పెళ్లిలో చూడకుండానే తలూపినవాళ్లకి ఇప్పుడు కనిపిస్తుంది. గురుగ్రహం ఉంటే పక్కన నాలుగు ఉపగ్రహాలు, ఒక్కోసారి మూడో రెండో, వరుసలో ఉంటాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. శనిగ్రహం వలయాలకి మాత్రం బైనాక్యులర్స్ చాలవు. ఒక ఏడాది ఇలా చూశాక టెలిస్కోపు గురించి అడగండి.

దిగేటప్పుడు

గంటన్నర చాలు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు పడక కుర్చీలోంచి ఒక్కసారిగా లేవొద్దు. కాళ్లు కిందపెట్టి రెండు నిమిషాలు కూర్చోండి. బైనాక్యులర్స్ మెడలో వేసుకోండి, ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో టార్చి. అప్పుడు కిందికి కేకేసి మెట్ల బల్బు వేయించుకోండి. కుర్చీ పొద్దున తెచ్చుకోవచ్చు.