రంపం పక్కన ఒక తోపుడు కర్ర

నల్లగొండ, మహబూబ్‌నగర్ పరిసరాల్లోని కోత మిల్లుల్లోనూ, దర్వాజలు చేసే వడ్రంగి షెడ్లలోనూ గుండ్రపు రంపంపై పనిచేసేవారు కోతలో చివరి ఒక అడుగు పొడవును చేత్తో కాక తోపుడు కర్రతోనే నెట్టాలి. మూరెడు చెక్కముక్కకు ఒక కొసన చిన్న గాడి కోసుకుంటే అది పలక అంచును గట్టిగా పట్టుకుంటుంది; దాన్ని మిషన్ పక్కనే మేకుకు వేలాడదీయండి, వెతుక్కోవలసి వస్తే ఎవరూ వాడరు. గ్లౌజులు తొడిగితే రక్షణ అనుకోవడం పొరపాటు, ఎందుకంటే తిరిగే పళ్లు ఒక్క దారప్పోగును అందుకున్నా చేతినంతా లోపలికి లాగుతాయి. మెడలో వేలాడే తువ్వాల కూడా అంతే ప్రమాదకరం.

తుమ్మ, వేప చెక్కల్లో ముడి తగిలినప్పుడు, లేదా కోత మూసుకుపోయి రంపాన్ని బిగించినప్పుడు, పలక ఒక్కసారిగా వెనక్కి ఎగిరి కడుపులో తగలవచ్చు కాబట్టి, రంపానికి ఎదురుగా కాక కొంచెం పక్కకు నిలబడాలి. కోతను విడదీసి ఉంచేందుకు రంపం వెనక బిగించిన ఇనుప పలకను అడ్డంగా ఉందని తీసేయకూడదు. ప్రమాదకరమైన యంత్ర భాగాలకు రక్షణ కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే చెప్పింది, దాన్ని అడగడానికి పనివారు మొహమాటపడనక్కర లేదు. కరెంటు పోగానే స్విచ్చు ఆపండి. లేకుంటే ఇరుక్కున్న ముక్కను తీస్తుండగానే కరెంటు వచ్చి రంపం తిరగవచ్చు.