రికార్డు చేసిన చప్పుడు పాడైందా? మైకు మార్చే ముందు ఇవి చూడండి

రేకుల మీద వాన, చేదబావి గిరక, ఇసుర్రాయి, దర్వాజ గొళ్లెం, నల్లా కింద బిందె నిండే చప్పుడు. ఇలాంటివి రికార్డు చేసి, షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలో రేడియో నాటికలు చేసేవాళ్లో ఉచితంగా వాడుకోవాలని పంచేవాళ్లు నాకు తరచుగా ఫైళ్లు పంపుతుంటారు. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, ఖరాబు వచ్చింది. ఏ మైకు కొనాలె?"

నా చేతికి వచ్చిన ఫైళ్లలో చాలావాటికి మైకు తప్పేమీ లేదు. రికార్డింగు అంతా అయిపోయి ఇంటికి పోయేదాకా ఎవరూ విని చూడకపోవడమే అసలు తప్పు. ముందు 30 సెకన్లు రికార్డు చేయండి. అక్కడే, ఆ చోటనే, వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి. ఫ్యాను మోతకు మన చెవి ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది, మైకు అట్లా పడదు. ఈ ఒక్క పని చేస్తే కింద రాసిన వాటిలో సగం మీకు అవసరమే రావు. ఎన్నిసార్లు చెప్పినా దీన్నే వదిలేస్తున్నారు కాబట్టి అన్నిటికంటే ముందు రాస్తున్నాను.

వెనకాల "మ్‌మ్‌మ్" అని సన్నటి మోత

ఇది కరెంటు మోత. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఫ్రిజ్, ఇన్వర్టర్, పాత ట్యూబ్‌లైటు చోకు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ లాంటివి ఎక్కువగా దానికి రెట్టింపు దగ్గర, అంటే 100 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. ముందు ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో పెట్టిన చార్జర్ పీకండి. మోత పోతే లోపం చార్జర్‌ది. పోకపోతే మెయిన్ ఆపి మళ్లీ వినండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, చాలామంది ఇది మరిచిపోతారు. ఇంటి లోపల నేను చేసిన మంచి రికార్డింగులన్నీ కరెంటు పోయిన రాత్రుల్లో చేసినవే.

రికార్డయిపోయిన ఫైలును ఆడాసిటీలో (శబ్దాలు సవరించే ఉచిత సాఫ్ట్‌వేర్) నాచ్ ఫిల్టర్ పెట్టి, అంటే ఆ ఒక్క స్థాయినే తీసేసే పరికరంతో, 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర కోయొచ్చు. కానీ ఇసుర్రాయి లాంటి బరువైన చప్పుడుకు ప్రాణం ఆ కింది భాగంలోనే ఉంటుంది. మోతతో పాటు అదీ పోతుంది.

"గుప్ గుప్" అని తన్నినట్టు

గాలి. వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం పూట రికార్డు చేసి పంపే ప్రతి ఫైలులోనూ ఇదే. మైకుతో వచ్చే నల్ల స్పాంజి బయట గాలికి చాలదు, బొచ్చు తొడుగు కావాలి. అది లేకపోతే గాలికి వీపు పెట్టి నిలబడి, మైకును మీ ఒంటి చాటున పట్టుకోండి. రికార్డర్‌లో లో కట్ (కింది స్థాయి మోతను తగ్గించేది) ఉంటే వేయండి.

పెద్ద చప్పుడు దగ్గర పగిలింది

రోకలి పోటు, డప్పు దెబ్బ, తలుపు ధడేలున వేయడం. లెవెల్ పైకి తగిలిందంటే ఆ ముక్క పోయినట్టే, దాన్ని బాగుచేయలేరు. అన్నిటికంటే పెద్ద దెబ్బ లెవెల్ మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. చిన్నగా వస్తే తర్వాత పెంచుకోవచ్చు. లెవెల్ తక్కువగానే ఉంది, అయినా పగులుతోంది అంటే మైకు మరీ దగ్గరగా ఉంది. రెండు మీటర్లు వెనక్కి జరగండి.

చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంది, లేదా మధ్యలో మాయమైంది

నాకు నెలల తరబడి తలనొప్పి తెచ్చిందీ, డబ్బులు వృథా చేయించిందీ ఇదే. అందుకే దీన్ని పూర్తిగా చెప్తాను.

కొత్తవాడలో ఒక పెద్దాయన మగ్గం మీద డర్రీలు నేస్తాడు. వరంగల్ డర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుందనే గుర్తింపు) వచ్చింది, చిత్రాలైతే ఎక్కడ చూసినా ఉన్నాయి, మగ్గం చప్పుడు మాత్రం ఎక్కడా సరైంది దొరకలేదు. అందుకని పోయాను. దారం సర్రున పోతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, పన్నె (దారాన్ని దగ్గరికి నెట్టే దువ్వెన లాంటిది) వచ్చి ధడ్‌మని కొడుతుంది, మళ్లీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడంలోనే మగ్గం తీరు ఉంది. ముప్పావు గంట రికార్డు చేసి ఇంటికొచ్చి విన్నాను. దెబ్బలు బాగానే ఉన్నాయి. రెండు దెబ్బల మధ్య మాత్రం గదిలోని ఫ్యాను, రోడ్డు మీది ఆటో, నా ఊపిరి, అన్నీ మెల్లగా ఉబ్బుతూ పైకొస్తున్నాయి. మళ్లీ దెబ్బ పడగానే చప్పున అణిగిపోతున్నాయి. గోడ వెనక ఎవరో ఆయాసపడుతున్నట్టు ఉంది.

మైకు పాడైందనుకున్నాను. ఫోన్‌కు తగిలించే కొత్త మైకు కొన్నాను. మళ్లీ పోయాను. మళ్లీ అదే. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు వాడే వైర్‌లెస్ మైకు తెచ్చి మూడోసారి గడప తొక్కితే ఆయన నవ్వాడు.

"ఏమైంది బిడ్డా, మల్ల వచ్చినవ్?"

"మొన్నటిది కూడా ఖరాబైంది కాకా. ఇంకొక్కసారి నడిపియ్యవా?"

"నడిపిస్త గని, మగ్గం ఖరాబు లేదు కద?"

మగ్గానికీ ఏం కాలేదు, మొదటి మైకుకూ ఏం కాలేదు. ఫోన్ తనంతట తాను వాల్యూమ్ సర్దుతోంది. దీన్ని ఆటో గెయిన్ అంటారు. పెద్ద చప్పుడు రాగానే తగ్గిస్తుంది, నిశ్శబ్దం రాగానే మెల్లగా పెంచుతుంది. మాటలు రికార్డు చేసేటప్పుడు దూరంగా ఉన్నవాళ్లవి, దగ్గరున్నవాళ్లవి ఒకేలా వినపడాలని పెట్టిన ఏర్పాటు అది. మగ్గం లాంటి చప్పుడును అదే చంపేస్తుంది.

దీనికి తోడు రొద తగ్గించే ఏర్పాటు ఇంకొకటి ఉంటుంది. మనిషి మాట ఆగి ఆగి వస్తుంది. ఆగకుండా ఒకే తీరుగా వచ్చేదల్లా ఫోన్ లెక్కలో రొదే. అందుకే రేకుల మీద వాన మొదటి రెండు మూడు సెకన్లు చక్కగా వచ్చి, ఆ తర్వాత నీళ్లలో మునిగినట్టు అయిపోతుంది. కూలర్, కీచురాళ్లు, పొయ్యి మీద ఎసరు, అన్నిటిదీ ఇదే గతి. "వాన తగ్గిందేమో" అనుకుని వదిలేసేవాళ్లను చూశాను. వాన తగ్గలేదు.

మీ ఫైలుకు ఇదే జబ్బో కాదో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక రికార్డు నొక్కి 10 సెకన్లు కదలకుండా కూర్చోండి. ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. మళ్లీ 10 సెకన్లు కదలొద్దు. ఫైలును ఆడాసిటీలో తెరిచి, బాగా పెద్దది చేసి చూడండి. చప్పట్లకు ముందు, తర్వాత గది మోత ఒకే మందంలో ఉంటే మంచిదే. చప్పట్లు కాగానే గీత సన్నబడి, రెండు మూడు సెకన్లలో మెల్లగా లావైతే ఆటో గెయిన్ ఉన్నట్టు. రెండో పరీక్షకు నల్లా సన్నగా తిప్పి 30 సెకన్లు రికార్డు చేయండి. మొదట్లో లావుగా ఉండి తర్వాత సన్నబడితే రొద తగ్గించేది నడుస్తోంది. అంకెలు, మీటర్లు ఏవీ అక్కర్లేదు, కంటికే కనపడుతుంది.

ఇక ఆపడం. ఇది ఒకేచోట ఉండదు, నన్ను ముంచింది ఆ సంగతే.

మొదటి చోటు యాప్. ఫోన్‌తో వచ్చిన రికార్డర్‌ను, కెమెరా యాప్‌ను పక్కన పెట్టి, మైకు రకాన్ని ఎంచుకోనిచ్చే యాప్ వేసుకోండి. సెట్టింగుల్లో ఆటో గెయిన్, నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్, స్కిప్ సైలెన్స్ లాంటివి కనిపిస్తే అన్నీ తీసేయండి. ఫైలు వేవ్‌లో (WAV), 48 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి.

రెండో చోటు ఫోనే. ఏ సవరణా లేని మైకు శబ్దాన్ని యాప్‌లు నేరుగా అడిగే వీలు 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఉంది. యాప్‌లో దాన్ని రా అనో అన్‌ప్రాసెస్డ్ అనో రాస్తారు. అన్ని ఫోన్లూ దాన్ని ఇవ్వవు. ఇవ్వకపోతే జాబితాలోని మిగతా రకాలను ఒక్కొక్కటిగా పెట్టి చప్పట్ల పరీక్ష చేయండి. వాయిస్ రికగ్నిషన్ అనే రకంలో చాలా ఫోన్లలో సర్దుబాటు తక్కువగా ఉంటుంది. ఫోన్ మారితే పరీక్ష మళ్లీ మొదటి నుంచి. బయటి మైకు తగిలించినంత మాత్రాన తప్పించుకోలేరు. మైకు ఏదైనా శబ్దం పోయేది ఆ ఫోన్ గుండానే.

మూడో చోటు మైకు లోపల. యాప్ అంతా సరిచేసుకుని పోయినా నా మూడో రికార్డింగు పాడైంది ఇందుకే. ఈ చిన్న వైర్‌లెస్ మైకులు చాలావాటిలో రొద తగ్గించే బటన్ దాని మీదే ఉంటుంది, పవర్ బటన్‌తో కలిపి. జేబులో పెడుతుంటే వేలు తగిలి ఆన్ అవుతుంది. లైటు రంగు మారడం తప్ప ఇంకే గుర్తూ ఉండదు. మీ మైకులో ఏ రంగుకు ఏ అర్థమో కాగితం చూసి గుర్తుపెట్టుకోండి. రికార్డు నొక్కే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి ఆ లైటును చూడండి.

విడిగా రికార్డర్ కొన్నవాళ్లు కూడా దాని మీద ఆటో లెవెల్ అని ఉందేమో చూసి తీసేయండి.

ఇప్పటికే పాడైన ఫైలు ఉంటే విడి దెబ్బలను కోసుకుని వాడుకోవచ్చు, ఒక్కో దానికి చివర చప్పుడు మెల్లగా తగ్గేలా చిన్న ఫేడ్ వేసి. మధ్యలో ఉబ్బిన మోతను మాత్రం ఏ ప్లగిన్‌తోనూ సరిగ్గా దించలేం. వాన పోయిన చోట వానను తిరిగి తేలేం. మళ్లీ పోయి రికార్డు చేయాల్సిందే. నేను నాలుగోసారి పోయాను. కాక ఆ రోజు ఫ్యాను కూడా ఆపి కూర్చున్నాడు.

నా దగ్గర బాగుంది, అవతలివాళ్లకు మొద్దుబారి వినపడింది

వాట్సాప్‌లో ఆడియోగా పంపారు. వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసిన చప్పుడు ఎందుకూ పనికిరాదు. ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు పోతుంది. మొదటి నుంచే మొద్దుగా ఉంటే బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలిసి ఉన్నాయేమో చూడండి. కొన్నిసార్లు ఫోన్ తన మైకును వదిలేసి ఆ ఇయర్‌బడ్స్ మైకుతో, కాల్ నాణ్యతలో రికార్డు చేస్తుంది. నేను వైరున్నది వాడమనడానికి ఇదీ ఒక కారణం.

గరగర, టిక్కుటిక్కు

ఫోన్ చేతిలో పట్టుకున్నారు. మడిచిన టవల్ మీద పెట్టండి. ఫ్లైట్ మోడ్ వేయండి. గదిలో గంగాళం లోపల మోగినట్టు ఉంటే నాలుగు బొంతలు గోడకు వేలాడదీయండి.

ఫైలు తిప్పి పంపారు

ఉచిత శబ్దాలకు చాలామంది వెళ్లేది ఫ్రీసౌండ్‌కు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో మొదలుపెట్టింది. అక్కడ మోడరేటర్లు విన్నాకే ఫైలు బయటికి వస్తుంది. తిప్పి పంపితే ముందు వెనకాల పాట ఉందేమో వినండి. ఏనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్లో కాంటా చప్పుడు, హమాలీల అరుపులు బంగారం లాంటివి. కానీ పక్కన ఏ ఆటోలోనో సినిమా పాట మోగితే ఆ ఫైలు పంచడానికి మనకు హక్కు లేదు. పాట లేని ముక్క వరకే కోసి పంపండి. మాటలు స్పష్టంగా వినిపించే మనుషులను ముందే అడగండి. కాక మగ్గం చప్పుడును నేను సీసీ0 కింద, అంటే ఎవరైనా ఎందుకైనా పేరు చెప్పకుండా వాడుకునేలా పెట్టాను. అట్లా పెట్టే ముందు ఆయనకు విషయం విడమరిచి చెప్పి ఒప్పుకున్నాకే పెట్టాను.

అరుదుగా వచ్చేవి

శబ్దం లాగినట్టు మెల్లగా వినపడితే ప్రాజెక్టు 44.1 కిలోహెర్ట్జ్‌లో, ఫైలు 48లో ఉందేమో చూడండి. పదే పదే తిరిగే ముక్క (లూపు) కలిసే చోట టక్కుమంటే రెండు చివర్లూ సున్నా గీత మీద కోయండి. వానాకాలంలో మైకు చిటపటమంటే తేమ, పొడి డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. కేబుల్ అనుమానం ఉంటే మార్చి చూడండి. వీటి మీద ఇంతకంటే సమయం పెట్టకండి. చప్పట్ల పరీక్ష చేయకుండా ఇక్కడిదాకా చదివి ఉంటే, ఈ రాత్రే అది చేసి చూడండి.