పిల్లాడి జబ్బు కాదు, నా టెన్షన్ ఎలా తగ్గిందంటే (నా అనుభవం)

మా అబ్బాయికి బైపోలార్, అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారులోకి, కొన్నాళ్లు లోతైన దిగులులోకి వెళ్లే జబ్బు. మందులతో వాడు కుదురుగానే ఉన్నాడు, కుదుట పడనిది నేనే. రాత్రి వాడు మంచినీళ్లకు లేచినా నాకు గుండె దడ, పగలంతా ఎవరో ఒకరి మీద కసురుకోవడం. ధ్యానం యాప్, మసాజ్ ప్యాకేజీ, చుట్టాల సలహాలు, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఒక కాగితం. ఏ మాత్ర ఎప్పుడు వేయాలి, వాడు చిరాకుపడితే ఏం అనకూడదు, డాక్టర్ నంబరు ఏంటి, అన్నీ అందులో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. తర్వాత మా ఆడపడుచును పిలిచి, మొదట నేను పక్క గదిలో ఉండగానే వాణ్ణి చూసుకోమన్నాను. "వదినా, నువ్వు తొంగిచూడకు" అని తనే తలుపు వేసేసింది! వాడికీ ముందే చెప్పాను, ఎప్పుడు వెళ్తానో, ఎప్పుడు వస్తానో. అదయ్యాకే గడప దాటి, దోమలగూడ ఇందిరా పార్కులో ఓ గంట నడక. నడక కంటే, ఇంట్లో ఏం జరుగుతుందోనన్న భయం తగ్గడమే నిద్ర తెచ్చిందని నా అనుమానం.

తోడు దొరకని రోజు టెలిమానస్‌కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, 14416కు ఫోన్ చేస్తాను. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. జబ్బు ఉన్నవాళ్లే చేయాలని లేదు, నాలాంటి అమ్మలూ చేయొచ్చు.

అందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను. ప్రాణం తీసుకుంటానంటున్న బిడ్డను మాత్రం ఇలా వదిలి వెళ్లకండి, ముందు డాక్టర్‌తో మాట్లాడండి.