ఈ-సిగరెట్లలో వాడే రెండు టెంపరేచర్ కంట్రోల్ చిప్పుల్లో ఏది మేలో తేల్చడం ఎలా?

"ఈ చిప్పు కాటన్ మాడ్చేస్తోంది", "ఆ చిప్పులో పొగే రావట్లేదు" అంటూ మాడ్ (బ్యాటరీ, చిప్పు ఉండే ఈ-సిగరెట్ డబ్బా) పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. కాయిల్‌లో దూర్చిన కాటన్ పీల్చుకున్న ద్రవమే వేడికి పొగవుతుంది, ఆ కాయిల్ వేడి మనం పెట్టిన డిగ్రీలు దాటకుండా చూడడమే ఈ చిప్పు పని. వాళ్లలో చాలామంది విషయంలో తప్పు చిప్పుది కానే కాదు. వేడిగా ఉన్న కాయిల్‌ని చల్లగా ఉందని చిప్పుకి చెప్పి, ఆ తర్వాత చిప్పుని తిడతారు. రెండు చిప్పుల్ని పోల్చేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. వాళ్లు పోల్చేది చిప్పుల్ని కాదు, తమ తొందరపాటుని.

ముందుగా ఒక మాట. ఇండియాలో ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోకండి. అక్కడ 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నిషేధం. మొదటిసారి అమ్మకం లాంటి కేసులోనే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అమెరికా నుంచి సెలవులకు వెళ్లేవాళ్లు కూడా దీన్ని సూట్‌కేసులో వేసుకోవద్దు. సిగరెట్ అలవాటు లేనివాళ్లు సరదాకి మొదలుపెట్టడం అంతకన్నా తెలివితక్కువ పని.

నేను ఓహాయోలో ఉంటాను. డీఎన్‌ఏ అనే పేరుతో ఈ చిప్పులు చేసే ఎవాల్వ్ కంపెనీ ఇక్కడి హడ్సన్ ఊరిదే. దానికి ఎదురు నిలిచింది చైనాలోని షెన్‌జెన్‌కి చెందిన యిహి. 2014 చివర్లో డీఎన్‌ఏ 40 వచ్చాక టెంపరేచర్ కంట్రోల్ అనే మాట అందరి నోటా పడింది, ఆ వెనకే యిహి ఎస్ఎక్స్350జే వచ్చింది. అప్పటినుంచి ఈ రెండు పక్షాల గొడవ హీరోల అభిమానుల గొడవకి ఏమాత్రం తీసిపోదు. నేను పోల్చేది డీఎన్‌ఏ 75ని, ఎస్ఎక్స్350జే రెండో వెర్షన్‌ని. రెండూ 75 వాట్లవే కాబట్టి పందెం సమానం. 200 వాట్ల చిప్పుని 40 వాట్ల దానితో పోల్చి తీర్పు చెప్పేవాళ్లతో నేను వాదించను.

కావలసినవి: పైకప్పు తీస్తే కాయిల్ బయటికి కనిపించే డెక్ (కాయిల్‌ని బిగించే పీట), ఒకటే. రెండు డెక్‌లు వద్దు. 28 గేజ్ టైటానియం వైరు, 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, స్క్రూడ్రైవర్, కాటన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పింగాణీ ప్లేటు, గ్లాసుడు నీళ్లు. ఫుల్ చార్జింగ్ ఉన్న బ్యాటరీలు.

డ్రిల్ బిట్ మీద ఆరు చుట్లు చుట్టండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. 0.4 ఓమ్ దరిదాపుల్లో వస్తుంది. టైటానియమే ఎందుకంటే, ఈ రెసిస్టెన్స్ దగ్గర ఒక్కో డిగ్రీకి దాదాపు 0.0014 ఓమ్ మారుతుంది. 0.5 ఓమ్ స్టెయిన్‌లెస్ స్టీల్ కాయిల్ తీసుకుంటే డిగ్రీకి దాదాపు 0.0005 మాత్రమే మారుతుంది. అంత చిన్న తేడాని పట్టుకోవడం చిప్పుకే కష్టం, మనకెలా కనిపిస్తుంది? నికెల్ బాగానే మారుతుంది గానీ 0.12 ఓమ్ దగ్గర స్క్రూ కాస్త వదులైనా లెక్క తప్పుతుంది. కాంథల్ అనే వైరు అసలు పనికిరాదు, వేడెక్కినా దాని రెసిస్టెన్స్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి టైటానియమే. దాన్ని ఎప్పుడూ ఎర్రగా కాలనివ్వకండి. ఎర్రబడితే పైన ఆక్సైడ్ పొర కడుతుంది. అలాంటి కాయిల్‌ని పారేయడమే.

ఇక అసలు పని. ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి.

చిప్పులో థర్మామీటర్ ఉండి కాయిల్ వేడిని కొలుస్తుందని చాలామంది అనుకుంటారు. లేదు. చల్లగా ఉన్నప్పుడు కాయిల్ రెసిస్టెన్స్ ఎంతో అది ముందే గుర్తుపెట్టుకుంటుంది. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ ఎంత పెరిగిందో చూసి, దాన్నిబట్టి వేడిని లెక్క కడుతుంది. అంటే లెక్క మొత్తం ఆ మొదటి అంకె మీదే నిలబడి ఉంది. అది తప్పితే మిగతాదంతా తప్పే.

ఎంత తప్పుతుందో చూడండి. గదిలో 20 డిగ్రీల దగ్గర కాయిల్ 0.40 ఓమ్ అనుకుందాం. రెండు దమ్ములు లాగాక డెక్ ఇంకా 45 డిగ్రీల దగ్గర ఉంది. ఆ వేడిలోనే దాన్ని తీసి రెండో మాడ్‌కి బిగించి "కొత్త కాయిల్" అని చెప్పారు. చిప్పు 0.435 చూసి, అదే చల్లని రెసిస్టెన్స్ అనుకుంటుంది. మీరు 220 డిగ్రీలు పెడితే కాయిల్ నిజంగా చేరేది 260 దాటి. కాటన్ మాడక ఏమవుతుంది? పేరు మాత్రం రెండో చిప్పుకి వస్తుంది, "మాడుస్తుంది" అని.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. మొన్న చలికాలంలో మా మిత్రుడు ఒకడు రాత్రంతా కారులో వదిలేసిన ట్యాంక్‌ని (కాయిల్, ద్రవం ఉండే పైభాగం) పొద్దున్నే తెచ్చి, జేబులో వెచ్చగా ఉన్న మాడ్‌కి బిగించాడు. "అన్నా, చిప్పు పోయింది, పొగే లేదు" అన్నాడు. ట్యాంక్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. గడ్డకట్టే చలిలో కాయిల్ రెసిస్టెన్స్ తక్కువ చూపిస్తుంది, దాన్నే 20 డిగ్రీల అంకెగా లాక్ చేస్తే, అంటే ఇక మారకుండా చిప్పులో స్థిరం చేస్తే, 220 పెట్టినా 190 కూడా రాదు. అరగంట బల్లమీద పెట్టించి మళ్లీ లాక్ చేశాం, పొగ గుప్పుమంది. ఆ అరగంటా వాడు పక్కన కూర్చుని నన్ను నమ్మకుండానే టీ తాగాడు. అప్పటికే కొత్త చిప్పు ఆర్డర్ పెట్టేశాడని తర్వాత తెలిసింది.

కొన్ని చిప్పులు బోర్డు మీదున్న సెన్సర్‌తో గది వేడిని అంచనా వేసుకుంటాయి, నిజమే. అయినా అది తెలుసుకునేది డబ్బా వేడిని. కాయిల్ వేడిని కాదు. ట్యాంక్, మాడ్ రెండూ ఒకే వేడిలో లేకపోతే ఆ తెలివి కూడా ఉపయోగపడదు.

కాబట్టి డెక్‌నీ, రెండు మాడ్‌లనీ ఒకే బల్లమీద పక్కపక్కనే ఇరవై నిమిషాలు పెట్టండి. నేనైతే అరగంట పెడతాను. ఏసీ గాలి, హీటర్ గాలి నేరుగా తగలకూడదు. చేత్తో ఊరికే తడుముతూ ఉండకండి, చేతి వేడి కూడా చాలు. ఆ తర్వాత స్క్రూలు మరోసారి బిగించి, కింది పిన్నునీ మరలనీ ఆల్కహాల్‌తో తుడిచి, మొదటి మాడ్‌కి బిగించండి. రెసిస్టెన్స్ చూడండి. విప్పి మళ్లీ బిగించి ఇంకో రెండుసార్లు చూడండి. మూడుసార్లూ అదే అంకె వస్తేనే లాక్ చేయండి. 0.40, 0.42, 0.39 అని ఊగుతుంటే ఎక్కడో వదులుంది, అక్కడే ఆగిపోండి. లాక్ చేశాక స్క్రూ వదులై 0.02 ఓమ్ చేరినా చిప్పు దాన్ని వేడి కిందే లెక్కేసి దాదాపు 15 డిగ్రీల ముందే ఆపేస్తుంది. ఈ అంకె కాగితం మీద రాసుకోండి. రెండో మాడ్‌కి మార్చేముందు మళ్లీ ఇరవై నిమిషాలు ఆగాలి, అక్కడా అదే అంకె రావాలి. ఓపిక లేదంటే ఈ పోలిక మానేయండి, రోడ్డు మీద పోయేవాణ్ణి అడిగినా అంతే విలువైన జవాబు వస్తుంది.

పరీక్ష సులువే. రెండింటిలోనూ వైరు టైటానియం అని ఎంచుకోండి, డిగ్రీకి రెసిస్టెన్స్ ఎన్నో వంతు పెరుగుతుందో చెప్పే అంకె ఇచ్చే వీలుంటే రెండింటికీ 0.0035 ఇవ్వండి. కంపెనీలు ముందే పెట్టి ఇచ్చే విలువలు ఒకటిగా ఉండవు. యిహిలో జౌల్స్ అని కనిపిస్తే కంగారు పడకండి, సెకనుకి అన్ని జౌల్స్ అంటే అన్ని వాట్లే. రెండింటికీ 15 పెట్టండి. వేడిని పట్టించుకోకుండా పవర్ ఇచ్చే వాట్ మోడ్‌లో లేరని మరోసారి చూసుకోండి, ఉంటే పొడి కాటన్ భగ్గుమంటుంది. పింగాణీ ప్లేటు, నీళ్ల గ్లాసు అందుకే.

కాయిల్‌లో పొడి కాటన్ దూర్చండి. ద్రవం చుక్క కూడా వద్దు. తడి ఉన్నంతసేపూ ద్రవం మరుగుతూ వేడిని ఆపుతుంది, చిప్పు పనితనం బయటపడదు. 180 దగ్గర మొదలుపెట్టి పది సెకన్లు నొక్కండి. కాటన్ తీసి చూడండి. తెల్లగానే ఉంటే చల్లారనిచ్చి, కొత్త కాటన్‌తో 10 పెంచండి. ఎక్కడ లేత గోధుమ రంగు మొదలవుతుందో అదే రాసుకోవలసిన అంకె. కిటికీ తెరిచి చేయండి, ఆ వాసన పీల్చకండి. రుచి చూసి "ఇది బాగుంది, అది బాగోలేదు" అనేవాళ్లున్నారు. నాలుక పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, కాటన్ అలా కాదు.

నా దగ్గరున్న రెండింట్లో ఈ రంగు మారే చోటులో తేడా 10 డిగ్రీలే వచ్చింది. ఇన్నేళ్ల గొడవంతా ఆ పదికోసమే అన్నమాట. తేడా కనబడేది వేరేచోట. డీఎన్‌ఏకి ఎస్క్రైబ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్‌కి కలిపితే వేడి గీత తెరమీద కదులుతూ కనిపిస్తుంది, పెట్టిన అంకె దాటి ఎంత ఎగబాకి వెనక్కొచ్చిందో చూడొచ్చు. యిహిలో నొక్కిన మొదటి క్షణం ఊపు ఎలా ఉండాలో ఎకో నుంచి పవర్‌ఫుల్ ప్లస్ దాకా ఎంచుకోవచ్చు. పోల్చేటప్పుడు అది స్టాండర్డ్‌లోనే ఉండాలి. నాకు గీత కనిపించాలి కాబట్టి డీఎన్‌ఏ.

వచ్చిన తేడాని చిన్న టేపు ముక్క మీద రాసి మాడ్ అడుగున అంటించుకోండి. నా యిహి మీద "-10" అని ఉంటుంది. పరీక్ష కాయిల్‌లో కొత్త కాటన్ పెట్టి తడిపి వాడుకోవచ్చు, కాకపోతే మళ్లీ ఇరవై నిమిషాలు చల్లారాకే లాక్ చేయాలి.